దియ తర్వాతి గడి

జులై నెల, మధ్యాహ్నం రెండు దాటింది. కమ్మింగ్ అనే ఊళ్ళో పళ్ళ డాక్టర్ గదిలోకి కూతురు దియ వెళ్ళగానే, ఫణికుమార్ బయట కుర్చీలో కూర్చుని, ఒకప్పుడు తన టీమ్‌లో పనిచేసిన రచనకి ఫోన్ కలిపాడు. పిల్లల సమ్మర్ క్యాంప్ వాన్ కోసం తను రాసిన ప్రోగ్రామ్‌ని ఎవరైనా మెచ్చుకుంటే వినడం అతనికి మహా సరదా.

“...అదే చెప్తున్నా రచనా, రెండు చెట్లు. ఇంతకుముందు సమాచారమంతా ఒకటే చెట్టు. పిల్ల పేరు, స్క్రీన్ మీద పిల్ల గడి, గడి రంగు, అన్నీ కలగాపులగం. ఇప్పుడు మోడల్ వేరు, వ్యూ వేరు.”

“కోడ్ చూస్తున్నా ఫణిగారూ, ముందే ఓపెన్ చేసుకున్నాను. మోడల్‌లో పిల్లల పేర్లు, అమ్మానాన్నల ఫోన్లు, అలర్జీలు. నీట్‌గా ఉంది.”

“అసలు జాబితా అదొక్కటే. వ్యూ అంటే వట్టి స్క్రీన్. వాన్‌లో డ్రైవర్‌కి ఒకటి, మనలాంటి పేరెంట్స్‌కి ఒకటి, పూల్ దగ్గర ఈత నేర్పే నాగమణిగారికి ఒకటి. ఎవరికి కావలసినట్టు వాళ్ళకి. రెండు వీకెండ్లు కూర్చుని విడగొట్టాను. మా ఆవిడ రాధారాణి నాతో మాట్లాడ్డం మానేసింది.”

“మానెయ్యదూ మరి! మన పిల్లల సమ్మర్ క్యాంప్‌కి ఇంత హంగామా అవసరమా అంటుంది.”

“అవసరమే. వచ్చే ఏడాది వేరే ఊళ్ళ క్యాంపులు కూడా అడుగుతున్నాయి. అందుకే నిన్ను రివ్యూ చెయ్యమన్నాను. మొహమాటపడకు, తప్పుంటే తప్పని చెప్పు.”

“వాన్ స్క్రీన్ ఈరోజే మొదలా?”

“ఈరోజే. పొద్దున వాన్ నడిపే ఆదిశేషు అంకుల్‌ని కూర్చోబెట్టి టాబ్లెట్‌లో అంతా చూపించాను. పిల్ల వాన్ దిగగానే ఆ గడి మీద నొక్కాలి, పచ్చబడుతుంది. అన్నీ పచ్చబడితే కింద ‘ముగించు’ అని వస్తుంది. అది నొక్కితే పేరెంట్స్ అందరికీ మెసేజ్ వెళ్ళిపోతుంది.”

“నాకూ వచ్చింది. ఒంటి గంట నలభై మూడుకి. ‘అనిక పూల్ దగ్గర క్షేమంగా దిగింది’ అని.”

“చూశావా! ఆ ‘క్షేమంగా’ నేనే పెట్టాను. తల్లులకి ఆ మాట ఉంటే బాగుంటుందని.”

“బాగుంది. నిజంగానే హాయిగా అనిపించింది. అది చూశాకే మీటింగ్‌లోకి వెళ్ళాను... ఫణిగారూ, ఒక డౌట్. ఆ పచ్చరంగు ఎక్కడుంది?”

“ఎక్కడుండడమేంటి? స్క్రీన్ మీద.”

“కాదు, ఏ చెట్టులో? దిగింది అన్న సంగతి పిల్ల పేరు దగ్గర రాశారా, గడి దగ్గర రాశారా?”

“గడి దగ్గర. రంగు అంటే వ్యూ సంగతే కదా? ‘ముగించు’ నొక్కినప్పుడు గడుల్లో ఉన్నదంతా తీసుకెళ్ళి ఒకేసారి మోడల్‌లో రాసేస్తుంది. పూల్ దగ్గర సిగ్నల్ సరిగా ఉండదు, నొక్కిన ప్రతిసారీ సర్వర్‌కి వెళ్ళాలంటే స్క్రీన్ తిరుగుతూ కూచుంటుంది. ఆయనకి చిరాకు.”

“అంటే అప్పటిదాకా ఎవరు దిగారో గడికే తెలుసు. జాబితాకి తెలీదు.”

“రెండు నిమిషాలు. దానికేముంది?”

“ఏ గడి ఎవరిదో ఎలా గుర్తుపెడుతున్నారు? పిల్ల ఐడీతోనా?”

“నంబరుతో. ఒకటి, రెండు, మూడు. ఉన్నదే పన్నెండు మంది. ఏం?”

“ఏం లేదు. పిల్లలు దిగుతుండగా జాబితాలోంచి ఒక పేరు తీసేస్తే?”

“ఎందుకు తీసేస్తారు? ఎక్కాక, దిగేదాకా జాబితా మారదు.”

“మారితే?”

“మారదమ్మా.”

“మారితే, ఫణిగారూ. ఊరికే అడుగుతున్నా.”

“మారితే... కింద ఉన్న పేర్లన్నీ ఒక గడి పైకి జరుగుతాయి.”

“పేర్లు జరుగుతాయి. రంగో?”

“రంగు కూడా... ఆగు. రంగు...”

“రంగు పేరుది కాదు కదా, గడిది. గడి ఎక్కడిదక్కడే ఉంటుంది. బంతిలో ఒకడు తినేసి లేచిపోతే, పక్కవాడు జరిగి ఆ ఎంగిలి విస్తరి ముందు కూచున్నట్టు. వడ్డించేవాడు చూసి, వీడు తినేశాడులే అని దాటిపోతాడు.”

“అవును. అవును, అది బగ్గే. నిన్ను చూడమనడం మంచిదైంది. ఒక్క లైను మారిస్తే సరిపోతుంది. ఇంటికెళ్ళి చేసేస్తాను.”

“చెయ్యండి. రేపటి ట్రిప్‌కి ముందే చెయ్యండి. ఇవాళ ఎవరూ ఎవర్నీ తియ్యలేదు కాబట్టి సరిపోయింది.”

“ఊఁ.”

“తియ్యలేదు కదా?”

“ఒక్క నిమిషం, ఫోన్‌లో చూడనీ.”

“ఫణిగారూ? లైన్లో ఉన్నారా?”

“ఉన్నాను. రచనా, దియని తీసేశాను.”

“ఎప్పుడు?”

“ఈ డెంటిస్ట్ అపాయింట్‌మెంట్ ఉందని సరాసరి పూల్ దగ్గరికే వెళ్ళాను. వాన్ ఆగింది. నేను పిలిచేసరికి అందర్నీ తోసుకుని అదే ముందు దూకింది. అంకుల్ గడి నొక్కారు. పచ్చబడింది, నేను చూశాను కూడా. తిరుగు ప్రయాణంలో దియ ఏదీ అని పాపం పెద్దాయన వెతుక్కుంటాడని, కారెక్కగానే నా ఫోన్‌లోంచి దాని పేరు తీసేశాను.”

“మిగతా పిల్లలు దిగుతుండగానా?”

“దిగడం అప్పుడే మొదలైంది.”

“టైమెంత?”

“ఒకటీ నలభై.”

“ఇప్పుడు రెండూ ఐదు.”

“రచనా, కంగారుపడకు. అంకుల్ పిల్లల్ని కళ్ళతో చూస్తూనే ఉంటారు కదా. స్క్రీన్ ఏం చెబితే మాత్రం...”

“అవునవును. ఆయన ఎప్పుడూ వాన్ చివరిదాకా వెళ్ళి, పేరు పేరునా పిలిచి, సీటు సీటూ తట్టి గానీ తాళం వెయ్యరు. మా అనిక ఇంట్లో ఆయన్ని అనుకరిస్తుంది కూడా. సోఫా తడుతూ, ‘ఎవరైనా ఉన్నారా, ఎవరైనా ఉన్నారా’ అని.”

“అది నిన్నటిదాకా రచనా.”

“మళ్ళీ ఏమైంది?”

“మోకాళ్ళు.”

“మోకాళ్ళేంటి?”

“ఆయనకి డెబ్బై మూడేళ్ళు. ఆ మెట్లెక్కి, వంగి వెనకదాకా నడవలేకపోతున్నారు. సర్జరీ అంటున్నారు. అందుకని పొద్దున, ‘అంకుల్, ఇంక మీరు లోపలికి వెళ్ళక్కర్లేదు, అన్నీ పచ్చగా ఉంటే తాళం వేసెయ్యండి’ అన్నాను.”

“మీరు అన్నారా?”

“నేనే అన్నాను. పెద్దాయన ఎంత సంతోషించారనుకున్నావు! ముప్పయ్యేళ్ళు ఫ్యాక్టరీలో మిషన్లు చూసినవాణ్ణి, మిషన్‌ని నమ్మడం నాకు తెలుసులే అన్నారు.”

“దియ తర్వాత జాబితాలో ఎవరున్నారు? ఉండండి, నా ముందే ఉంది కదా. అనిక, అర్జున్, అవని, దియ... మానవ్. దియ తర్వాత మానవ్.”

“శ్యామ్‌సుందర్ వాళ్ళబ్బాయి. ఐదేళ్ళు వాడికి.”

“మా అనిక పైనుంది. పైవాళ్ళు జరగరు... ఛీ, ఏంటి నేను? ముందు అది చూసుకుంటున్నాను.”

“ఎవరైనా అదే చూసుకుంటారు.”

“బయట ఎంతుంది?”

“తొంభై ఆరు ఫారెన్‌హీట్. మాడిపోతోంది.”

“మూసిన వాన్‌లో ఎంతవుతుంది?”

“రచనా, ఆపు. అంకుల్‌ని కలుపుతున్నా... రింగవుతోంది.”

“ఎత్తారా?”

“లేదు. వాయిస్‌మెయిల్.”

“మళ్ళీ చెయ్యండి. నాగమణిగారికి చెయ్యనా?”

“ఆవిడ నీళ్ళలో ఉంటారు. ఉండు... హలో! అంకుల్!”

“ఆ, ఫణీ! చెప్పవయ్యా. నీ స్క్రీన్ భలే ఉంది. టకటకా అయిపోయింది. నా మోకాళ్ళు నీకు దణ్ణం పెడుతున్నాయి.”

“అంకుల్, మానవ్ ఎక్కడ?”

“ఎవరూ? ఇక్కడ గోలగా ఉంది, గట్టిగా చెప్పు.”

“మానవ్! శ్యామ్‌సుందర్ వాళ్ళబ్బాయి!”

“వాడా? ఇదిగో, నా పక్కనే కుర్చీలో ఉన్నాడు. నీళ్ళంటే భయంట, దిగనంటాడు. ఏరా, ఫణి అంకుల్‌కి హాయ్ చెప్పు.”

“హాయ్ అంకుల్! ఐ హావ్ చిప్స్.”

“విన్నావా రచనా?”

“విన్నాను. అమ్మయ్య... అమ్మయ్య.”

“ఎవరూ, రచనమ్మా? నువ్వూ ఉన్నావా? ఏమైందర్రా, ఇద్దరూ అలా ఉన్నారు?”

“ఏం లేదంకుల్. ప్రోగ్రామ్‌లో చిన్న తప్పుంది. దిగని పిల్లని దిగినట్టు చూపించే అవకాశం ఉంది. అందుకని...”

“దిగని పిల్లనా? ఒరి నాయనోయ్. ఇవాళా?”

“మానవ్ అనుకున్నాం. మీ పక్కనే ఉన్నాడు కాబట్టి గండం గడిచింది.”

“అంకుల్, వాన్ ఎక్కడ పెట్టారు?”

“పార్కింగ్‌లో ఆ చివర్నమ్మా. నీడ దొరకలేదు.”

“ఒక్కసారి వెళ్ళి చూస్తారా? నా తృప్తి కోసం.”

“ఇప్పుడే వెళ్ళొచ్చానే! పదినిమిషాలైందేమో. మంచినీళ్ళ సీసా మర్చిపోయి, ముందు తలుపు తీసి తెచ్చుకున్నాను. సీట్లన్నీ ఖాళీ. పిల్లల సంచులూ టవళ్ళూ తప్ప ఏం లేవు. చప్పుడు కూడా లేదు.”

“ఇంకేం రచనా. పిల్ల ఎవరైనా ఉంటే ఏడవదూ, పిలవదూ?”

“సరే. సరే. అంకుల్, మా అనిక ఏం చేస్తోంది?”

“ఆడుకుంటోందమ్మా.”

“కనిపిస్తోందా మీకు?”

“అదుగో, అక్కడ అందరూ కలిసి... నాగమణిగారు అందరికీ ఒకేరకం నీలం టోపీలు పెట్టింది. దూరం నుంచి ఎవరెవరో ఏం తెలుస్తుంది? స్క్రీన్ మీద చూశాను కదా, అన్ని గడులూ పచ్చగానే ఉన్నాయి.”

“స్క్రీన్ మీద కాదంకుల్. నీళ్ళలో.”

“రచనా, అనిక పేరు దియకి పైనుంది. నువ్వే చూశావు. దానికేం కాదు.”

“తెలుసు. అయినా అడుగుతున్నా. తల్లిని, అడుగుతా.”

“అడగమ్మా, అడుగు. ఉండు, లెక్కపెడతాను. ఒకటి, రెండు, మూడు... అదే పనిగా మునుగుతారు వెధవలు... ఏడు, ఎనిమిది, తొమ్మిది. మానవ్‌తో పది.”

“పదకొండు ఉండాలి అంకుల్. పన్నెండు మంది ఎక్కారు, దియ నా దగ్గరుంది.”

“ఉండవయ్యా, ఒకరెవరో మునిగి ఉంటారు. ఒకటి, రెండు... తొమ్మిది. పది. నాగమణిగారూ! ఎవరైనా బాత్రూమ్‌కి వెళ్ళారా? ...ఏమో, చూసొస్తానంటోంది.”

“బాత్రూమ్‌కే వెళ్ళి ఉంటుంది. రచనా, వింటున్నావా?”

“వింటున్నా. అది నిజమేనా, ఊరికే అంటున్నారా ఫణిగారూ?”

“నాగమణిగారు చూసొస్తారు.”

“ఫణీ, ఒక మాట. నువ్వు తప్పు అన్నావు కాబట్టి చెప్తున్నా. నేను నొక్కకముందే ఒక గడి పచ్చగా ఉందయ్యా.”

“ఏ గడి?”

“అన్నిటికంటే పైది. దియది నొక్కాను కదా, కాసేపటికి చూస్తే దియ లేదు. అదే చోట ఇంకో పేరు, పచ్చగా. నేనే నొక్కి మర్చిపోయి ఉంటాను, వయసు మీద పడుతోంది అనుకుని మిగతావాళ్ళ సంగతి చూసుకున్నాను.”

“ఏం పేరంకుల్?”

“కళ్ళజోడు చెమటకి మసకేసింది. దియది కాదని తెలిసింది గానీ పేరు చదవలేదు, రంగు చూశాను. రంగు చూస్తే చాలన్నావు కదా నువ్వు.”

“అన్నిటికంటే పైది అంటున్నారేంటి? జాబితాలో దియ నాలుగోది కదా. ఫణిగారూ, దియ నాలుగోది కదా?”

“మోడల్‌లో నాలుగోది.”

“వ్యూలో?”

“వ్యూలో... వాన్ ఎక్కిన వరస.”

“ఏంటి?”

“అందుకే కదా రెండూ విడగొట్టింది! జాబితా అక్షరాల వరసలో ఉంటుంది, వాన్ స్క్రీన్ ఎక్కిన వరసలో ఉంటుంది. పెద్దాయన వెతుక్కోకుండా. దియ అందరికంటే ముందెక్కింది. దానికి చివరి సీటు కావాలి ఎప్పుడూ.”

“అయితే నేను మానవ్ అన్నప్పుడే ఎందుకు చెప్పలేదు? నేను ఈ జాబితా చూస్తుంటే ఎందుకు ఊరుకున్నారు?”

“నాకు తట్టలేదు రచనా. నేనే రాసి, నాకే తట్టలేదు.”

“అంకుల్! టాబ్లెట్ మీ దగ్గరుందా? దియ తర్వాత ఎవరి పేరుందో చూడండి.”

“ఇదిగో, తీస్తున్నా... ఏం లేదమ్మా. తెల్లగా ఉంది.”

“కిందికి జరపండి.”

“జరపడానికేముంది? ఏమీ లేదు.”

“రచనా, ‘ముగించు’ నొక్కితే స్క్రీన్ తుడిచేస్తుంది. ఎక్కిన వరస దాంతోనే పోతుంది. వట్టి వ్యూ కదా, దాచడమెందుకని నేనే దాచలేదు.”

“అంటే దియ తర్వాత ఎవరెక్కారో ఇప్పుడు ఎక్కడా లేదు.”

“ఎక్కడా లేదు.”

“దియకి తెలీదా?”

“...దియకి తెలుస్తుంది.”

“అడగండి. కుర్చీలోంచి లేవండి, వెళ్ళి అడగండి! నేను కారు తాళాలు తీసుకుంటున్నా.”

“అమ్మా రచనా, నేను చూశానంటున్నా కదా. వాన్‌లో ఎవరూ లేరు. నా కళ్ళతో చూశాను.”

“మీ కళ్ళజోడు మసకేసింది అన్నారు కదంకుల్.”

“...వెళ్తున్నానమ్మా. మళ్ళీ వెళ్తున్నా. మానవ్, నువ్వు ఇక్కడే కూచో నాన్నా. కదలకు. ఈ మోకాళ్ళొకటి...”

“ఎక్స్‌క్యూజ్ మీ డాక్టర్, ఒక్క నిమిషం మా అమ్మాయితో మాట్లాడాలి.”

“సర్, వీ ఆర్ ఆల్మోస్ట్ డన్, ఇఫ్ యూ కుడ్ జస్ట్...”

“నో, నౌ. ప్లీజ్. దియా, నాన్నా, నోరు తుడుచుకుని నాకు చెప్పు. ఇందాక పూల్‌కి వెళ్ళేటప్పుడు వాన్‌లో నీ తర్వాత ఎవరెక్కారు?”

“నా తర్వాతా? వై, డాడీ?”

“చెప్పమ్మా, తొందరగా.”

“అనిక. మేమిద్దరం లాస్ట్ సీట్.”

“ఏమంది? ఫణిగారూ, ఏమంది? నాకు వినపడలేదు. స్పీకర్ పెట్టండి!”

“దియా, నువ్వు దిగేటప్పుడు అనిక నీ వెనకే వచ్చిందా?”

“లేదు డాడీ, షి వాజ్ స్లీపింగ్. తన ఫేస్ మీద సన్ వస్తుంది కదా, అందుకని నా పెద్ద టవల్‌తో తనని మొత్తం కవర్ చేసి వచ్చాను. ఎవరూ తనని లేపద్దు అని.”